ఏ ఇబ్బందీ లేని మనిషి

ఇంట్లో ఫ్రిజ్ గురించి తన భర్త అనే మాట, ఆఫీసులో తన గురించి డైరెక్టర్ నోటి వెంట వచ్చేసరికి ఆమె గుండె జారి అరికాళ్లలోకి దిగింది.

“క్వైట్ గుడ్. నో ట్రబుల్ ఎట్ ఆల్,” అన్నాడు డైరెక్టర్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “మీ గురించి బయట అడిగితే ఎంత మంచిగా చెప్పారో చూడమ్మా.”

చెడ్డ కబురు చెప్పేటప్పుడు కళ్లజోడు తుడవడం ఆయన అలవాటు. జోడు లేకపోతే ఎదుటివాళ్ల మొహం అలికేసినట్టు కనబడుతుంది, అదొక సుఖం. చెడ్డ కబురు అప్పటికే చెప్పేశాడు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకాలు వేసే ఆ సంస్థలో, ఆ విభాగాన్ని నడిపే పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఆమెదేనని గేటు దగ్గర కాపలావాడితో సహా అందరూ అనుకున్నారు. ఆమె కూడా, పైకి అనకపోయినా, ఆ గదిలో బల్ల కిటికీ వైపు తిప్పుకుంటే వెలుతురు బాగుంటుందని ఎన్నోసార్లు ఊహించుకుంది. కుర్చీ నెక్‌టైకి వెళ్లింది. నెక్‌టై అంటే పక్క గదిలో కూర్చునే ఉద్యోగి. మండే ఎండల్లో కూడా మెడకి ఆ గుడ్డ విప్పడు గనక ఆ పేరు పడింది. ఆమె తరవాత చేరినవాడు. ఇప్పటికీ కామా ఎక్కడ పెట్టాలో తోచకపోతే ఆమె బల్ల దగ్గరికే వస్తాడు.

“అతని గురించి ఏమన్నారండీ?”

“వెరీ సౌండ్ మైండ్ అన్నారు.”

“ఎవరండీ అన్నది?”

పేరు చెప్పకూడదన్నాడు. సంస్థకి బయట సలహాదారులున్నారు కదా, వాళ్లలో ఒకరికి ఫోన్ చేశాననీ, ఎవరైతేనేం ఆమె మేలు కోరే మనిషేననీ అన్నాడు. ఆమె “థాంక్సండీ” అంది.

ఆ థాంక్స్ దగ్గరే మొదలైంది సిగ్గు. చెంప మీద కొట్టినవాడికి దణ్ణం పెట్టినట్టు, ఆ మాట దానంతటదే వచ్చేసింది. దానితోపాటు పెదాల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది, ఎవరో మెచ్చుకున్నప్పుడు వచ్చే నవ్వు. ఆ నవ్వుని వెనక్కి లాక్కుందామంటే మొహం మాట వినలేదు. అది చాలదన్నట్టు డైరెక్టర్ ఇంకో సంగతి అడిగాడు. ఆమె కింద పనిచేసే కొత్తమ్మాయిని పర్మనెంట్ చేయాలా, గడువు అయిపోయింది గనక పంపించేయాలా, ఈ పూటే తేల్చాలి. పిల్ల ఎలా చేస్తోంది?

“ఫర్వాలేదండీ,” అంది ఆమె. “ఏ ఇబ్బందీ లేదు.”

డైరెక్టర్ తలూపి, చూద్దాంలే అన్నాడు. గది బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాకగానీ తను ఏం మాట్లాడిందో ఆమెకి తెలిసిరాలేదు. ఒంటికి గుచ్చుకున్న ముల్లుని పీకి, పక్కనున్న పిల్ల అరికాలిలో గుచ్చి వచ్చింది.

ఆ కొత్తమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. సన్నటి గొంతు, క్షణం నిలవదు, గదిలో ఎక్కడ చూసినా తనే. ఆ పూట కూడా ఆమె బల్ల మీద ప్రూఫులు పరిచి నిలబడి ఉంది. “అక్కా, ఈ పేజీలో మీరు పెట్టిన ఉదాహరణ తప్పు” అంది, గుడ్ మార్నింగ్ కూడా చెప్పకుండా. ఆమె చూసింది. తప్పే. దిద్దింది. “అక్కా, కుర్చీ సంగతి ఏమైంది, పార్టీ ఎప్పుడు?” అని అడిగింది పిచ్చుక. ఆమె ప్రూఫుల్లోకి తల దించుకుని, నాకు కాదులే అంది. పిచ్చుక బల్ల మీది పెన్ను తీసి మళ్లీ అక్కడే పెట్టింది. తరవాత, “అయితే కామాలకి ఇకనుంచి ఆయనే మీకు సంతకం పెట్టాలన్నమాట” అని గొణిగి వెళ్లిపోయింది. నవ్వించడానికే అంది. ఆమె నవ్వలేకపోయింది, ఎందుకంటే ఆ పిల్ల తన గురించి బాధపడుతోంది, తను ఆ పిల్ల గురించి ఏం చెప్పివచ్చిందో తెలియక.

ఆ ప్రూఫులు ఏవో కావు. ఆమె ఎంతో ఇష్టంగా రాసిన పాఠం. ఇంగ్లీషు రచయితలు ఒక మనిషిని, ఒక పనిని, ఒక పుస్తకాన్ని మెచ్చుకునేటప్పుడు ఏ మాటలు వాడతారు, ఏ మాటకి ఎంత బరువు అన్నది ఆ పాఠం. మనం మెచ్చుకుంటే ఆకాశానికెత్తేస్తాం, లేదా మునగచెట్టు ఎక్కించి వినోదం చూస్తాం. వాళ్లు అలా కాదు, మెచ్చుకోవడంలో కూడా బేరమాడతారు అని మొదలుపెట్టింది. వాళ్లు మొహం ముడుచుకుని ‘నాట్ బ్యాడ్’ అంటే ఒక్కోసారి ప్రాణం పెట్టారని అర్థం. మొహమంతా నవ్వుతో ‘క్వైట్ గుడ్’ అంటే మాత్రం జాగ్రత్త. గుడ్ పక్కన క్వైట్ చేరితే గుడ్ పెరగదు, తరుగుతుంది. మెచ్చి మేకతోలు కప్పడమంటే అదే. ఇంకో పేరాలో, మగవాళ్లని మెచ్చుకునే మాటలు ఎక్కువగా వాళ్ల బుర్రని పట్టుకుంటాయనీ, సౌండ్, బ్రిలియంట్, ఒరిజినల్ అనీ, ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్లెజెంట్, హెల్ప్‌ఫుల్, జెంటిల్ అని, వాళ్ల వల్ల పక్కవాళ్లకి ఎంత హాయిగా ఉందో చెబుతాయనీ రాసింది. ఆ పేరా రాసిన రోజు భలే పట్టుకున్నానని తనని తనే మెచ్చుకుంది. మెచ్చుకుని, డబ్బా విప్పి అన్నం తినడానికి వెళ్లింది. ఆ తూకం రాళ్లతో లోకంలో ఉన్న వాక్యాలన్నీ తూచిన మనిషి, తన పళ్లెంలో ఇన్నేళ్లుగా ఏం పడుతోందో ఒక్కసారి కూడా తూచి చూడలేదు.

ఇప్పుడు తూచింది, అపరాధ పరిశోధకుడిలాగా. బయట సలహాదారులు ముగ్గురు. ఒకావిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా మెచ్చుకోవాల్సి వస్తే తెలుగులోకి దిగిపోతుంది, “బంగారమే నా తల్లి” అంటుంది. ఆవిడ కాదు. రెండో ఆయన ఒక పత్రికకి సంపాదకుడు. ఆఫీసు టీ తాగి కూడా ఎక్సలెంట్ అంటాడు, ఆ టీ తాగి బతికి ఉండడమే ఎక్సలెంట్ అని పిచ్చుక వెక్కిరిస్తుంది. క్వైట్ అనే మాట ఆయన నోట పట్టదు. ఆయనా కాదు. ఇక మూడో మనిషి. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె మళ్లీ మొదటి మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. హెడ్‌మిస్ట్రెస్‌కి ఈమధ్య మతిమరుపట, ఏమో, ఇంగ్లీషులో అన్నదేమో. సంపాదకుడు తొందరలో ఉండి అన్నాడేమో. అలా చాలాసేపు ఇద్దరు అమాయకుల్ని బోను ఎక్కించి దింపింది. డైరెక్టర్ నోరు విప్పిన క్షణంలోనే తెలిసిన సంగతిని తెలియకుండా చేసుకోవడానికి ఈ పరిశోధన అంతా అని ఆమెకి తెలుసు.

ఇంటికి ఎవరొచ్చినా ఆ మూడో మనిషి ఫ్రిజ్ తలుపు మీద అరచేత్తో తడతాడు. “పెళ్లయిన కొత్తలో కొన్నాం. నో ట్రబుల్ ఎట్ ఆల్.” ఆవిడేం చేస్తారని వచ్చినవాళ్లు అడిగితే, పుస్తకాల ఆఫీసులో పని అని చెప్పి, “తను కూడా అంతే, నో ట్రబుల్ ఎట్ ఆల్” అంటాడు. వచ్చినవాళ్లు నవ్వుతారు. టీ కప్పుల పళ్లెం పట్టుకుని ఆమె కూడా నవ్వుతుంది. అత్తగారిది ఇదే మాటకి తెలుగు. ఫోన్లో చుట్టాలతో, “మా కోడలికి నోట్లో నాలుక లేదమ్మా” అంటుంది. “ఇంట్లో ఉందో లేదో తెలీదు” అంటుంది. మనిషికి నాలుక లేకపోవడం, మనిషే లేకపోవడం, ఇవి మెప్పులు. వాటిని వంటింట్లో నిలబడి విని, పోపు మాడకుండా చూసుకుంటూ, లోలోపల మురిసిపోయింది. పక్కింటి కోడలిని ఆ పక్కింటావిడ దుమ్మెత్తి పోస్తుంటే, నా గతి నయం అనుకుంది. పొద్దున లేచి అందరి టిఫిన్లు, అత్తగారి మాత్రలు, ఆయన చొక్కాలు, ఆఫీసు, మళ్లీ వచ్చి వంట, ఆ పైన ఆయన ఉపన్యాసాల కాయితాలు. “కాస్త కళ్లేసి పెట్టు” అంటాడు. కళ్లేయడం అంటే సగం మళ్లీ రాయడం. మర్నాడు చప్పట్లు ఆయనకి. ఇంటికొచ్చి, బాగా జరిగింది అంటాడు. జరిగింది అంటాడు, వానపడింది అన్నట్టు.

పాఠంలో అందరూ మెచ్చుకున్న వాక్యం ఒకటుంది. ‘క్వైట్ గుడ్ అంటే, లోపలికి రావద్దని చెప్పకుండా తలుపు చప్పుడు కాకుండా వేసేయడం.’ ఆ వాక్యం ఆమెది కాదు. ఒకనాడు సాయంత్రం ఆమె వెల్లుల్లి ఒలుస్తూ ఈ క్వైట్‌తో చచ్చిపోతున్నానండీ అంటే, ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని ఆ మాట అన్నాడు. తడి చేత్తోనే రాసిపెట్టుకుంది. అంటే ఆ మాట బరువు ఆయనకి తెలియక కాదు. ఆమెకి నేర్పింది ఆయనే.

ప్రూఫు మీద ఆ వాక్యం దగ్గరే ఆమె పెన్ను ఆగిపోయింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. సిగ్గే వచ్చింది. ఆయన చేసిన పనికి ఆయన పడాల్సిన సిగ్గు కూడా తనకే వచ్చినట్టుంది, ఇంట్లో అన్ని పనుల్లాగే. అయితే అందులో తన వాటా సిగ్గు కూడా ఉంది. అద్దాల అవతల పిచ్చుక ఎవరితోనో వాదిస్తూ చేతులు తిప్పుతోంది. ఆ పిల్ల గురించి ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్నది అబద్ధం. బోలెడంత ఇబ్బంది ఆ పిల్లతో. మరి ఎందుకంది? మంచిదని చెప్పాలనుకుంది, తన దగ్గరున్న మెప్పు అదొక్కటే. అత్తగారు ఆమెకి ఇచ్చింది, భర్త ఇచ్చింది, ఆమె తీసి పిల్ల మీద వేసింది. చిరిగిన దుప్పటి తరానికోసారి చేతులు మారినట్టు.

లేచి వెళ్లి డైరెక్టర్ గది తలుపు తట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకునే ఉన్నాడు.

“పొద్దున ఆ అమ్మాయి గురించి తప్పు చెప్పానండీ.”

“ఏం, ఇబ్బందేమైనా ఉందా?”

“ఉందండీ. తప్పు కనబడితే ఊరుకోదు. ఎవరిదని చూడదు. ఇవాళ కూడా నా తప్పు పట్టుకుంది. నేను చూసినవాళ్లలో ఇంత పదునైన బుర్ర ఇంకోటి లేదు. పంపించేస్తే మనకే నష్టం.”

ఇంత చెప్పాల్సింది పొద్దునే చెప్పొచ్చుగా, పంపించేద్దామనే అనుకున్నాను అని డైరెక్టర్ గొణిగి, సరే ఉంచుదాం అన్నాడు. పని అయిపోయింది కదా అన్నట్టు చూశాడు. ఆమె కదల్లేదు. తన గురించి తను మంచి మాట పైకి చెప్పుకోవడం ఆమెకి నలుగురిలో కొంగు జారినంత పని. మెడ దగ్గర్నుంచి చెవుల దాకా వేడెక్కింది.

“నా గురించి కూడా మీరు నన్నే అడగాల్సిందండీ. ఈ పని నాకు బాగా వచ్చు. ఇక్కడ ఎవరికన్నా బాగా వచ్చు. ఇబ్బంది కూడా పెడతాను, ఇన్నాళ్లూ పెట్టలేదు, అంతే.”

డైరెక్టర్ చేయి కళ్లజోడు మీదికి పోయింది. నిర్ణయం అయిపోయింది కదమ్మా, ఉత్తర్వు వెళ్లిపోయింది, మళ్లీ అవకాశం రాకపోదు అన్నాడు.

“మళ్లీ అడగాల్సి వస్తే మా ఇంటికి మాత్రం ఫోన్ చేయకండి,” అంది.

కళ్లజోడు ఆయన చేతిలోంచి జారి బల్ల మీద పడింది. ఆయన పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం ఇల్లు ఎప్పటిలాగే ఉంది. ముందు గదిలో అత్తగారు టీవీ చూస్తూ, అమ్మాయ్ వచ్చావా, కాస్త టీ పడెయ్యి అంది. పడేసింది. కూర పొయ్యి మీద పెట్టి, వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి ఆయన చొక్కా ఇస్త్రీ మొదలుపెట్టింది. మర్నాడు ఆయన ఉపన్యాసం. ఇంగ్లీషు రచయితల మెచ్చుకోళ్ల మీదే. ఆమె పాఠం చదివాక ఆ విషయం తీసుకున్నాడు. కాయితాలు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి, “కాస్త కళ్లేసి పెట్టు. పొద్దున్నే వెళ్లాలి” అన్నాడు. ఆఫీసులో ఏమైందని అడగలేదు. కుర్చీ సంగతి ఇవాళ తేలుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. అడగని మనిషిని చూసి ఆమెకి మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, కాయితాలు తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడ నడక కుంటిందో, ఎక్కడ ఉదాహరణ అతకలేదో చదువుతుంటేనే తెలుస్తోంది. పెన్ను చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు. కాయితాలు సర్ది ముందు గదిలోకి వెళ్లబోతుంటే ఆయనే గ్లాసుడు నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చాడు.

“చూశావా?”

“చదివాను,” అంది కాయితాలు ఇస్తూ. “క్వైట్ గుడ్.”

ఆయన చేయి సగంలో ఆగింది. ఆ మొహంలో రంగు మారడం ఆమె దగ్గరగా చూసింది. పొద్దున తన మొహం ఇలాగే ఉండి ఉంటుంది, తను మాత్రం నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ మాటకి నవ్వకపోవడం ఆయనకి చేతనవును.

“ఏమిటా మాట?” అన్నాడు.

“మెచ్చుకున్నానండీ.”

ఆయన కాయితాలు తిప్పి చూశాడు. ఎక్కడా గీత లేదు. దిద్దలేదేం అన్నాడు. ఇక మీరే దిద్దుకోండి అంది, ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేసి, చొక్కా ఒక చేయి ముడతలతోనే మడిచి. ముందు గదిలోంచి అత్తగారు ఏమిటర్రా అని అడిగింది.

“డైరెక్టర్ చెప్పాడా?”

“చెప్పలేదు. మీ మాట నాకు తెలీదా. ఆ ఫ్రిజ్‌ని అడిగినా చెబుతుంది.”

ఆయన ఫ్రిజ్ మీద ఆనించిన చేయి తీసేశాడు. భార్యని పొగిడితే నలుగురూ ఏమనుకుంటారు, పక్షపాతం అనరూ, అందుకే తగ్గించి చెప్పాను అన్నాడు. నెక్‌టైని తగ్గించలేదే అంది ఆమె. అయినా క్వైట్ అంటే నూటికి నూరుపాళ్లూ అనే అర్థం కూడా ఉంది కదా, క్వైట్ రైట్ అంటాం కదా అన్నాడు.

“అది రైట్ పక్కన. గుడ్ పక్కన కాదు. వెల్లుల్లి ఒలుస్తుంటే ఆ గుమ్మంలో నిలబడి మీరే చెప్పారు,” అంది. “ఏ అర్థంలో అన్నారో అదొక్కటే చెప్పండి. ఇంకేమీ అడగను.”

పొయ్యి మీద కూర అడుగంటుతున్న వాసన వేసింది. ఇద్దరిలో దగ్గరగా ఉన్నది ఆయనే. ఆమె కదల్లేదు. కాసేపటికి ఆయనే చేయి చాచి, ఏ మీట ఎటు తిప్పాలో రెండుసార్లు తడుముకుని, పొయ్యి ఆర్పాడు. అటు తిరిగి నిలబడే మాట్లాడాడు.

“తలుపు వేసే అర్థంలోనే అన్నాను. ఆయన ఫోన్లో నీ పేరు ఎత్తగానే నోటిదాకా వచ్చింది బ్రిలియంట్ అనే. నీ పాఠం చదివిన రోజునే వచ్చింది ఆ మాట, మింగేశాను. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, అలాంటి పేజీ ఒకటి రాయలేకపోయాను. నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే సాయంత్రాలు ఆలస్యంగా వస్తావు. అమ్మ మాత్రలు నేను చూడాలి. నా ఉపన్యాసాలు నేనే దిద్దుకోవాలి, అప్పుడు అవి ఏపాటివో అందరికీ తెలిసిపోతుంది. ఫోన్ పట్టుకుని ఊపిరి తీసుకునేలోపల ఇవన్నీ ఆలోచించేశాను. తొందరలో అన్నది కాదు, తెలిసే అన్నాను. నో ట్రబుల్ అన్నానే, అది నీ గురించి చెప్పిన మాట కాదు. నాకు ఇబ్బంది రాకూడదని నా గురించి చెప్పుకున్న మాట.”